సగం పాపం

శాసనసభ నడుస్తున్నన్ని రోజులూ మా సెక్షన్‌లో ఎవరికీ సెలవు దొరికేది కాదు. ఎల్‌ఏక్యూ వచ్చిందంటే మిగతా ఫైళ్లన్నీ పక్కకు జరగాల్సిందే. ఎల్‌ఏక్యూ అంటే శాసనసభ్యుడు ప్రభుత్వాన్ని అడిగిన ప్రశ్న. ఆయన కార్యదర్శికి నోటీసిస్తాడు. స్పీకర్ అనుమతిస్తే అది సచివాలయంలోని శాఖకూ, అక్కణ్ణుంచి శాఖాధిపతి ఆఫీసుకూ, అక్కణ్ణుంచి జిల్లాలకూ దిగుతుంది. జవాబు అదే నిచ్చెన మీద పైకెక్కాలి. నడిమెట్టు మీద ఉద్యోగం చేసి రిటైరయినదాన్ని. ఏ శాఖలోనో చెప్పను. ఏ శాఖైనా పద్ధతి ఒకటే.

జవాబు కాగితానికి రెండు గళ్లు. ఎడమన ప్రశ్న, కుడిన సమాధానం. ప్రశ్నకు ఎ, బి, సి అని ముక్కలుంటాయి. ఫలానా లోపం ఉన్న మాట వాస్తవమేనా? అయితే వివరాలేమిటి? తీసుకున్న చర్యలేమిటి? మొదటిదాని ఎదురుగా ‘లేదండీ’ అని రాయగలిగితే మిగతా రెంటికీ ‘ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు’ అని రాసేసి చేతులు దులుపుకోవచ్చు. అందుకే అనుభవం ఉన్న గుమాస్తా కళ్లన్నీ ‘ఎ’ మీదే ఉంటాయి.

బయటివాళ్లు చూడని కాగితం ఇంకొకటుంది. చుక్క గుర్తున్న ప్రశ్నకు మంత్రి సభలో నిలబడి నోటితో జవాబు చెప్పాలి. ఆ జవాబు మీద సభ్యులు లేచి అనుబంధ ప్రశ్నలు వేస్తారు. చుక్క లేనిదానికి రాతపూర్వకంగా జవాబిస్తే చాలు, ఎదురు ప్రశ్న ఉండదు. చుక్క ప్రశ్న వచ్చినప్పుడు జవాబుతోపాటు ‘నోట్ ఫర్ సప్లిమెంటరీస్’ అని విడిగా ఒకటి తయారుచేసి పంపుతాం. ఖాళీ పోస్టులెన్ని, పనిచేయని యంత్రాలెన్ని, ఏ తనిఖీ ఎన్నాళ్లుగా జరగలేదు, ఏ ప్రతిపాదన ఆర్థిక శాఖ దగ్గర ఆగింది... జవాబులో రాయనిదంతా అందులో రాస్తాం. సభ్యుడు తవ్వితే మంత్రిగారికి పనికొస్తుంది. తవ్వకపోతే మడత నలగకుండా మళ్లీ ఫైల్లోకి వస్తుంది.

నోట్లో ఉన్నదంతా నిజం. అంకెలు సరిచూసి, సంతకాలు చేయించి పంపిన నిజం. మరి అడిగితేనే తీసి చూపించే నిజం ధర్మం లెక్కలో ఏ ఖాతా కిందికొస్తుంది? ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇట్లాంటివి ఆలోచించే తీరిక లేదు. ఇప్పుడు మధ్యాహ్నాలు నావే. హుస్సేనీ ఆలంలో మా ఇంటి మేడ మీద నీడపట్టున కూర్చుని భారతం చదువుతున్నాను. సభాపర్వం దగ్గర ఆగిపోయాను.

జూదం ముగిశాక ద్రౌపదిని పిలుచుకు రమ్మని దుర్యోధనుడు పంపిన సేవకుడు ప్రాతికామి చేతికే ఆమె ఒక ప్రశ్న ఇచ్చి వెనక్కి పంపుతుంది. ధర్మరాజు ముందు తనను ఒడ్డి ఓడాడా, నన్నా? తనను తాను ఓడిపోయినవాడికి నన్ను పందెం కాసే హక్కెక్కడిది? తర్వాత తనను ఈడ్చుకొచ్చాక అదే ప్రశ్న సభనే అడిగింది. భీష్ముడు ధర్మం చాలా సూక్ష్మమైనదంటూ తేల్చలేకపోయాడు. పరిశీలనలో ఉంది అన్నట్టే! ద్రోణుడు, కృపుడు నోరు విప్పలేదు. లేచి ఆమె ఓడలేదని చెప్పినవాడు వికర్ణుడొక్కడే. వాడు దుర్యోధనుడి సొంత తమ్ముడు, అంటే పాలకపక్షమే. కర్ణుడు వాణ్ణి చిన్నవాడివి, నీకేం తెలుసని కూర్చోబెట్టాడు.

అప్పుడు విదురుడు ఒక పాత కథ ఎత్తుకుంటాడు. ప్రహ్లాదుడి కొడుకు విరోచనుడికీ, అంగిరసుడి కొడుకు సుధన్వుడికీ మనిద్దరిలో ఎవరు గొప్ప అని పంతం వస్తుంది. ప్రాణాలు పందెం కట్టి తీర్పు కోసం ప్రహ్లాదుడి దగ్గరికే వెళతారు. నిజం చెబితే కొడుకు పోతాడు. ఆయన వెళ్లి కశ్యపుణ్ణి అడుగుతాడు, ప్రశ్నకు జవాబు చెప్పనివాడి గతి ఏమిటని. ధర్మం తెలిసి సభలో కూర్చున్నవాడు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకపోతే, అబద్ధమాడినందుకు వచ్చే పాపంలో సగం అనుభవిస్తాడట. కావాలని తప్పుడు జవాబు చెబితే మొత్తం వాడిదేనట. ప్రహ్లాదుడు ఇంటికొచ్చి సుధన్వుడే గొప్ప అని చెప్పాడు. కథ వినీ కౌరవసభలో ఎవరూ కదల్లేదు.

మా ఆఫీసు తత్త్వమంతా ఆ కొలమానంలో ఉందని నాకు తోచింది. అబద్ధానికి మొత్తం పాపం, మౌనానికి సగం. సర్కారు యంత్రాంగం సగం దగ్గర కాపురం పెట్టింది. దాని పక్షాన న్యాయం లేకపోలేదు. నిర్ధారణ కాని అంకె సభలో చదివితే మంత్రి మీద సభాహక్కుల నోటీసు వస్తుంది, రాసిచ్చిన ఉద్యోగికి మెమో వస్తుంది. తప్పు అంకె కంటే తక్కువ అంకె మేలు, తక్కువ అంకె కంటే ‘సమాచారం సేకరిస్తున్నాం’ మేలు. మా సూపరింటెండెంటుగారు పూజా పునస్కారాలున్న మనిషి, లంచం ముట్టనివాడు. అడిగినదానికి జవాబు, అడగనిదానికి నోట్ అని ఆయనే మాకు నేర్పాడు. ఆయన్ను పాపి అనడానికి నాకు నోరు రాదు.

కానీ కశ్యపుడు సగం దగ్గర ఆగలేదు. సభలో నిందించాల్సినదాన్ని నిందించకపోతే ఆ పాపాన్ని ఎట్లా పంచాలో కూడా చెప్పాడు. సభకు పెద్ద అయినవాడికి సగం, చేసినవాడికి పాతిక, చూస్తూ కూర్చున్నవాళ్లకు పాతిక. చేసినవాడి వాటా పాతికేనని చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. మన చట్టమైతే చేసినవాడి దగ్గర మొదలుపెట్టి తరచుగా అక్కడే ఆగిపోతుంది.

2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరాలో అంతరాయం వచ్చి 11 మంది కోవిడ్ రోగులు చనిపోయారని ప్రభుత్వమే చెప్పింది. కుటుంబానికి 10 లక్షల చొప్పున పరిహారం ప్రకటించింది. జులై 20న రాజ్యసభలో కేంద్రం ఇచ్చిన రాతపూర్వక జవాబు ఏమిటంటే, ఆక్సిజన్ కొరతతో మరణాలు సంభవించినట్టు రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు ప్రత్యేకంగా నివేదించలేదని. ఆ వాక్యం రాసిన చెయ్యి ఎటువంటిదో నాకు తెలుసు. అందులో అబద్ధం లేదు. ఆరోగ్యం రాష్ట్రాల అంశం, రాష్ట్రాలు పంపే నమూనాలో ఆ గడి లేదు, గడి లేనిచోట అంకె రాదు. దేశమంతా గగ్గోలు పుట్టి, మళ్లీ అడిగితే, ఆగస్టులో జవాబు మారింది. వెంటిలేటర్ మీదున్న కొందరు రోగులు మే 10న చనిపోయారని ఆంధ్రప్రదేశ్ తెలిపిందని సభకు చెప్పారు. రెండోసారి అడగబట్టి కదా ఆ 11 ప్రాణాలు పార్లమెంటు కాగితాల అంచు దాకా వచ్చాయి! డబ్బు మాత్రం మొదటే ప్రకటించారు.

అంతకు ముందు ఏడాది సెప్టెంబరు సమావేశాల్లో కోవిడ్ పేరుతో ప్రశ్నోత్తరాల సమయాన్నే ఎత్తేశారు. రాతపూర్వక జవాబులు మాత్రం మిగిలాయి. లాక్‌డౌన్‌లో ఊళ్లకు నడిచిపోతూ చనిపోయిన వలస కూలీలెందరని లోక్‌సభలో అడిగితే, 14వ తేదీన కార్మిక శాఖ మా దగ్గర ఆ లెక్క లేదంది. లెక్క లేదు కాబట్టి పరిహారం ప్రశ్న ఉత్పన్నం కాదంది. ఎ, బి, సి! లెక్క ఎందుకు లేదని లేచి అడిగే గంటే ఆ సమావేశాల్లో లేదు.

ఈ సంగతి మా పక్కింటి దర్జీ భాయ్‌తో అన్నాను. ఆయన నన్ను ఆపా అంటాడు, వయసులో నాకంటే నాలుగైదేళ్లు చిన్న. పాదం మిషన్ ఆపకుండానే విని, హజ్రత్ ఉమర్ ముచ్చట చెప్పాడు. దూరాన ఇరాక్‌లో ఒక కంచరగాడిద కాలుజారి పడినా, దానికి బాట ఎందుకు చదును చేయలేదని అల్లా తనను అడుగుతాడేమోనని ఖలీఫా భయపడేవాడట. “ఆయన మదీనాలో ఉండె కదా ఆపా, ఆ గాడిద సంగతి ఆయనకెట్ల తెలుస్తది?” అన్నాడు ఆయనే, కావాలనే తిప్పి అడుగుతున్నట్టు. తర్వాత మిషన్ ఆపి, “తెల్వదు. అందుకే భయం” అన్నాడు.

నాకు కావలసింది అదే. మా దృష్టికి రాలేదు అనే జవాబు పాలితుడి నోట చెల్లుతుంది, పాలకుడి నోట చెల్లదు. దృష్టికి వచ్చేట్టు చేసుకోవడమే వాడి పని. కందికల్ గేట్ దగ్గర చిత్రగుప్తుడి గుడి ఉంది. దీపావళి వెళ్లిన విదియనాడు కాయస్థులు కలం, సిరాబుడ్డి పెట్టి పూజించే దేవుడు. యముడి ఆస్థానంలో గుమాస్తా, నా కులదైవమనుకోవచ్చు. ఆయన దగ్గర జిల్లాలవారీ పట్టిక ఉండదు, మనిషివారీ పద్దు ఉంటుంది. ఏ కాలమ్‌లోనూ ఇమడలేదని ఎవరినీ వదిలేయడు.

ఇక గుల్జార్ హౌజ్. మా ఇంటి నుంచి లాడ్‌బజార్ మీదుగా నడిచిపోయేంత దూరం. 2025 మే 18 ఆదివారం పొద్దున్నే పాత భవనంలో నిప్పంటుకుంది. 17 మంది పోయారు, అందులో 8 మంది పిల్లలు. ఎక్కువమందిని పొగే చంపింది. కింద దుకాణాలు, పైన కాపురాలు, రావడానికీ పోవడానికీ ఇరుకైన దారి ఒక్కటే. ఫైరింజన్లకంటే ముందు చుట్టుపక్కల గాజుల దుకాణాల మనుషులు లోపలికి చొరబడ్డారు. ఆ ఇంటివాళ్లది ఏ మతం, వీళ్లది ఏ మతం అని ఆ పొగలో ఎవరూ ఆలోచించలేదు. రాష్ట్రం 5 లక్షల చొప్పున, కేంద్రం 2 లక్షల చొప్పున ప్రకటించాయి.

కింద సరుకు, పైన మనుషులు. 2022 మార్చిలో భోయిగూడ స్క్రాప్ గోదాం పైన నిద్రపోతున్న బిహార్ కూలీలు 11 మంది. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్ రూబీ లాడ్జిలో 8 మంది, కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం. 2023 నవంబరులో బజార్‌ఘాట్‌లో 9 మంది, కింద కెమికల్ డ్రమ్ములు. గుల్జార్ హౌజ్‌తో కలిపితే నాలుగుచోట్ల 45 మంది. ఈ అంకెలు సభలో ఎవరడిగినా దొరుకుతాయి, పేపర్లోనూ దొరుకుతాయి. పోయినవాళ్ల లెక్క చెప్పడానికి ఏ శాఖకూ పెద్ద కష్టం లేదు, పోస్టుమార్టం కాగితాలుంటాయి. ఉన్నవాళ్ల లెక్క అడిగితేనే కష్టమంతా. చార్మినార్ నియోజకవర్గంలో కింద సరుకు నిలవచేసి, పైన సంసారాలుండి, మెట్లు ఒక్క వరసే ఉన్న ఇళ్లెన్ని? వాటిలో ఈ ఏడాది ఎన్నింటిని తనిఖీ చేశారు? మా గల్లీలోనే వేలు పెట్టి చూపించగలను. మా ఇల్లూ అందులో ఒకటి.

నన్ను మళ్లీ భారతానికే లాక్కుపోయేది పరిహారం ముచ్చట. ద్రౌపది ప్రశ్నకు చివరిదాకా జవాబు రాలేదు. ఆమెకు వచ్చినవి వరాలు. అపశకునాలకు జడిసిన ధృతరాష్ట్రుడు కోరుకోమన్నాడు. ఒక వరంతో ధర్మరాజునూ, రెండోదాంతో ఆయుధాలతో సహా మిగతా నలుగురినీ దాస్యం నుంచి విడిపించుకుంది. మూడోది ఇస్తానన్నా వద్దంది. ఆ ముసలిరాజు లెక్కలో ఫైలు మూసేసినట్టే. ప్రశ్న అట్లాగే ఉండిపోయింది. కాసేపటికే పాండవులను మళ్లీ జూదానికి పిలిచారు, అదే పాచికలు, అదే శకుని. వరాలు ఇవ్వడం తప్పని నేననను, తీసుకున్నవాళ్లను అంతకన్నా అనను. చితి ఆరకముందే ఇల్లు గడవాలి. కానీ దయతో ఇచ్చినదాన్ని జవాబు కింద చెల్లువేసుకోవడం మాత్రం ధర్మం కాదు. ఒకటి చేతికి ఇవ్వాల్సింది, రెండోది సభకు చెప్పాల్సింది.

ప్రశ్నోత్తరాల సమయం వృథా అనీ, అరుపులు తప్ప ఏం లేదనీ మా బంధువుల్లో చదువుకున్నవాళ్లే అంటుంటారు. ఆ గంట రద్దయిన రోజు మా సెక్షన్‌లో ఎంత ఊపిరి పీల్చుకునేవారో వాళ్లు చూసి ఉంటే ఆ మాట అనరు. అడగబోతున్నారని తెలిస్తేనే కదలని రిజిస్టర్లు కదులుతాయి. ఏళ్లుగా ఎవరూ తెరవని జిల్లా స్టోరు గది ఒక్క చుక్క ప్రశ్న కోసం తెరవడం నేను చూశాను.

అందుకే మా శాసనసభ్యుణ్ణీ, మీ శాసనసభ్యుణ్ణీ కోరేది ఒకటే. వినతిపత్రం ఇచ్చి ఫొటో దిగడం మాని, చుక్క పెట్టి ప్రశ్న ఇవ్వండి, ఉన్నవాళ్ల లెక్క అడగండి. స్పీకర్‌గారికి, సభా కార్యదర్శిగారికి ఒక రిటైర్డ్ గుమాస్తా మనవి. జవాబుతోపాటు ఆ నోట్ ఫర్ సప్లిమెంటరీస్ కూడా సభా సమక్షంలో ఉంచేట్టు నియమం మార్చండి. కొత్తగా ఎవరూ ఏమీ సేకరించనక్కర్లేదు, అది అప్పటికే టైపై, సంతకాలై, ఫైల్లో ఉంది.