గేటు మూశాక ఆ నేల మీద మాట ఎవరిది?

ఒక ఫ్యాక్టరీ మూతపడితే ఆ స్థలంలో తర్వాత ఏం రావాలో ఎవరు చెప్పాలి? పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్లే అని కాగితం చెబుతుంది. పట్టా లేకుండానే తరతరాలుగా పోడు కొట్టుకుని బతికిన మనకు ఆ జవాబు చాలదు.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఫ్రీమాంట్‌ సంగతి చూద్దాం. అక్కడి కార్ల ఫ్యాక్టరీని జనరల్ మోటార్స్ 1982లో మూసేసింది. పనివాళ్లు సరిగా పనిచేయరని దానికి చెడ్డపేరు ఉండేది. 1984లో టయోటాతో కలిసి అదే చోట నుమ్మి పేరుతో మళ్లీ కార్లు చేయడం మొదలుపెట్టారు. పాతవాళ్లలో చాలామందినే పిలిచారు. వాళ్ల యూనియన్‌ను కూడా గుర్తించారు. ఆ చేతులే ఈసారి మంచి కార్లు చేశాయి. లోపం చేతుల్లో లేదు, పని నడిపిన తీరులో ఉందని తేలింది.

అయినా 2009లో జనరల్ మోటార్స్ తప్పుకుంది. తర్వాత టయోటా కూడా వద్దనుకుంది. 2010 ఏప్రిల్ 1న గేటు మూశారు. దాదాపు 4,700 మంది పని పోయింది. ఆ ఏడాదే టెస్లా ఆ స్థలాన్ని కొన్నది. ఇప్పుడు అక్కడ వేలమంది పనిచేస్తున్నారు, కానీ వాళ్లకు యూనియన్ లేదు. స్థలం మళ్లీ బతికింది. కార్మికులు కలిసి అడిగే గొంతు మాత్రం అక్కడ మళ్లీ లేవలేదు.

కూలి ఇచ్చేశారు కదా, ఇంకేం బాకీ అని కొందరు అంటారు. ఆ మాటను తేలిగ్గా తీసెయ్యలేం. కానీ కూలి ఆ రోజు పనికి ఇచ్చింది. ఆ పనిని నమ్ముకుని కట్టుకున్న ఇల్లు, తెచ్చుకున్న అప్పు, పిల్లల బడి ఆ కూలి లెక్కలో లేవు.

2005 డిసెంబరు 13కు ముందు నుంచి అడవి భూమిని సాగు చేసుకుంటున్న ఆదివాసీలకు 2006 అటవీ హక్కుల చట్టం హక్కు ఇచ్చింది. చెమట కూడా ఒక ఆధారమేనని దాని అర్థం. షెడ్యూల్డు ప్రాంతాల్లో భూమి సేకరించే ముందు గ్రామసభను గానీ పంచాయతీని గానీ సంప్రదించాలని 1996 పెసా చట్టం చెబుతోంది. ఫ్యాక్టరీ స్థలం కార్మికుల సొంతం కావాలని మేము అనడం లేదు. దాని భవిష్యత్తు తేల్చే చోట వాళ్లూ కూర్చోవాలి అంటున్నాం.

యూనియన్‌ను కూడా ఒక మాట అడగాలి. కాంట్రాక్టు కూలీకి, ఆ నేల వదిలి వెళ్లిన కుటుంబానికి మీలో చోటు ఉందా? పర్మినెంటు వాళ్ల కోసమే కొట్లాడితే, గేటు బయట ఉన్నవాళ్లకు యూనియన్ కూడా ఇంకో యజమానిలాగే కనిపిస్తుంది.

మన పిల్లలు ఐటీఐ చదివి దూరపు ఫ్యాక్టరీలకు వెళ్తున్నారు. మిషన్ నడపడం అక్కడ నేర్పుతారు. నలుగురితో కలిసి అడగడం ఎవరూ నేర్పరు. అది వాళ్లు బయలుదేరేలోపే మన బడిలో మొదలవ్వాలి.