'పాడి'లోని రెండర్థాలు: పాలు, మాంసం, బాధ్యత

తెలుగులో 'పాడి' అంటే పాలిచ్చే పశుసంపద, 'పాడి' అంటే న్యాయం కూడా. 'ఇది నీకు పాడియా?' అని నిలదీసేవారు అడిగేది పాల లెక్క కాదు. ఈ రూపసామ్యం నుంచి వ్యుత్పత్తిని లాగనవసరం లేదు గాని, మాంసం, పాల ఉత్పత్తి వినియోగాల సుస్థిరతపై సాగే డాక్టరేట్ పరిశోధన ఆ రెండో అర్థాన్ని ఎంతవరకు పట్టించుకుంటున్నదన్నది ఆలోచించవలసిన విషయం.

మానవ కార్యకలాపాల వల్ల వెలువడే హరితగృహ వాయువుల్లో 14.5 శాతం పశుపోషణదేనని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2013లో అంచనా వేసింది. ఆ అంకెలో పాలూ మాంసమూ రెండూ ఉన్నాయి. మన వాడుకలో మాత్రం దోషం మాంసానికి, పవిత్రత పాలకు పంచి పెట్టబడ్డాయి. ఈ విభజన నిలుస్తుందా?

సూర్యాపేట జిల్లా మేళ్లచెరువు పరిసరాలను చూస్తే నిలవదనిపిస్తుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు ప్రాంతమిది. మనిషి తినలేని వరిగడ్డిని, తవుడును గేదె పాలుగా మారుస్తుంది. వనరుల దృష్టితో ఇంతకన్న మేలైన ఏర్పాటు అరుదు. అయితే గేదె పాలివ్వాలంటే ఈనాలి, ఈనిన ప్రతిసారీ పెయ్యే పుట్టదు. దున్నపోతుతో పొలం దమ్ము చేసిన కాలంలో దున్నదూడకూ ఒక విలువ ఉండేది. ట్రాక్టరు వచ్చాక అది పనిలేని నోరయింది. దానికి వదిలే పాలు అమ్ముకోదగిన పాలు. కనుక అది పాలందక నీరసించి చావడమో, సంతకు పోవడమో తరచుగా జరుగుతుంది. చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి, గేదె ముందు నిలబెట్టి పాలు పిండుకోవడం పల్లెలెరిగిన పద్ధతే. ప్రపంచంలో అత్యధికంగా పాలు ఉత్పత్తి చేసే దేశమే గేదె మాంసం ఎగుమతిలో అగ్రశ్రేణిలో ఉండటం యాదృచ్ఛికం కాదు. ఆ మాంసంలో పాలు తాగిన ప్రతివారికీ వాటా ఉంది. గాంధీ 1912లో పాలు మానినప్పుడు ఈ చిక్కును గుర్తించారు. జబ్బుపడి మేకపాలకు ఒప్పుకున్నాక కూడా ఆ ఒప్పుకోలుతో సమాధానపడలేకపోయారు.

రైతును నిందించడం ఇక్కడ తేలిక, అన్యాయం కూడా. లీటరుకు దొరికే ధరలో దున్నదూడ మేతఖర్చు లేదు. ఆ ఖర్చును కొనేవారు చెల్లించడం లేదు గనుకనే దూడ చెల్లిస్తున్నది.

గొర్రెల విషయం వేరు. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. 2017లో మొదలైన పంపిణీ పథకం యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చింది. మేత భూమిని మాత్రం ఇవ్వలేదు. ఆయకట్టులో బీడు వరిమడి అయింది. మేళ్లచెరువు వైపు సున్నపురాయి గనులూ సిమెంటు కర్మాగారాలూ వచ్చాయి. కోత తర్వాత పొలంలో మంద కట్టించుకున్న రైతుకు దక్కే ఎరువును ఏ పద్దులో వేయాలో తేల్చకుండా, కిలో మాంసానికి ఇంత వాయువని కాపరి మీద లెక్క రాయడం తొందరపాటు. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో రెండేళ్లకొకసారి జరిగే బలి అందరి కళ్లముందే జరుగుతుంది, మాంసం పంచుకోబడుతుంది. బలిని సమర్థించనవసరం లేదు. కాని అక్కడ తినేవారికి తాము తింటున్నదేమిటో తెలుసు. పాల ప్యాకెట్టు ఆ తెలివిడిని ఇవ్వదు.

'తగ్గించండి' అన్న ఉపదేశం కూడా అందరికీ ఒకేలా చెల్లదు. పండుగకో చుట్టం వచ్చినప్పుడో మాంసం వండుకునే కూలి ఇంటికీ, రోజూ నెయ్యీ పనీరూ వాడే ఇంటికీ ఒకే కొలత పెట్టడం కుదరదు.

శివరాత్రికి మేళ్లచెరువు శంభులింగేశ్వరస్వామి జాతరలో ఎడ్ల పందేలు జరుగుతాయి. దుక్కి పని తగ్గినా ఒంగోలు కోడెకు బండలాగే గౌరవమైనా మిగిలింది. దున్నదూడకు అదీ లేదు. ఈ ప్రాంతంలో క్షేత్రపరిశోధన చేసేవారి ప్రశ్నావళిలో రోజుకు ఎన్ని లీటర్లు, మేత ఎంత అన్న ప్రశ్నల పక్కన ఇంకొకటి చేరవలసి ఉంది: ఈ ఇంట నిరుడు పుట్టిన దున్నదూడలెన్ని, వాటిలో ఇప్పుడు కొట్టంలో ఉన్నవెన్ని?