ప్రమాణానికి సాక్షులం

రాజ్యం చేతులు మారే రోజు మాదిగోడు అక్కడ ఎందుకు నిలబడాలె? గెలిచినోని ఊరేగింపు ముంగట డప్పు మాదే. ఓడినోడు మల్ల గెలిచిన నాడూ డప్పు మాదే. కుర్చీ మాత్రం మా వాడకు రాదు. మరి ఆ పండుగతోటి మాకేం పని?

2023 డిసెంబర్ 7న పెద్దవంగర నుంచి నలుగురం హైదరాబాద్ ఎల్బీ స్టేడియానికి పోయినం. గవర్నర్ తమిళిసై సౌందరరాజన్ రేవంత్ రెడ్డి తోటి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించింది. భట్టి విక్రమార్క ఉప ముఖ్యమంత్రి అయిండు. సీతక్క పేరు పిలవంగనే స్టేడియమంత ఒకటే లొల్లి. మేం సుత ఈలలేసినం. అంతకు నాలుగు రోజుల ముందే, ఫలితాలు వచ్చిన నాడు, తొమ్మిదిన్నరేండ్లు ఏలిన కేసీఆర్ రాజ్‌భవన్‌కు రాజీనామా కాయితం పంపి వెళ్లిపోయిండు. మా పాలకుర్తి నియోజకవర్గంల మంత్రి ఎర్రబెల్లి దయాకర్ రావు సుత ఓడిండు. కత్తి లేవలె, నెత్తురు కారలె.

మిత్రుడొకడు అన్నడు: "వెలమ దిగిండు, రెడ్డి ఎక్కిండు. నీకేమొచ్చెరా?" అబద్ధం కాదు. సంజీవయ్య 1960ల ముఖ్యమంత్రి అయినంక ఆ కుర్చీ మల్ల మనది కాలె. తెలంగాణ వస్తే దళితుడే ముఖ్యమంత్రి అన్న మాట 2014లనే ఆవిరైంది. కని ఆయన చెప్పింది సగమే.

మా తాతలనాడు ఈ చుట్టుపట్ల విసునూరు దేశ్‌ముఖ్‌దే రాజ్యం. పాలకుర్తిల చాకలి ఐలమ్మ తన పంట కోసం కొట్లాడింది ఆ దొరతనం మీదనే. 1946 జులై 4న కడవెండిల దొడ్డి కొమరయ్య తూటాకు ఒరిగిందీ అందుకే. దొరతనానికి రాజీనామా కాయితం లేదు. తండ్రి పోతే కొడుకు దొర. దొర ఎవ్వలికన్న ప్రమాణం చేసిండా? చెయ్యలె. ప్రమాణాలన్నీ మాతోటే చేయించిండ్రు. ఒక గడి ముంగట చెప్పులు చేతబట్టుకొని మా తాత అన్న "నీ బాంచెను కాల్మొక్త" కంటే పెద్ద ప్రమాణం ఏముంటది?

స్టేడియంల అది తిరగబడ్డది. ఏలబోయేటోడు నిలబడి మాటిస్తుండు, మేం కూసొని ఇంటున్నం. భయం, పక్షపాతం, రాగద్వేషాలు లేకుండ అందరికీ న్యాయం చేస్తనని అనిపించేది రాజ్యాంగం మూడో షెడ్యూలు. ఆ ముసాయిదా కమిటీ అధ్యక్షుడు అంబేద్కర్. దేవుని పేరున అంటడో, దేవుడు లేకుండ అంటడో ఆయన ఇష్టం. ఆ మాటలు అనకుండ మాత్రం కుర్చీ ఎక్కలేడు.

ఒకప్పుడు ఊరి పంచాయితీల మాదిగోని సాక్ష్యం చెల్లకపోతుండె. ఇప్పుడు ప్రమాణానికి మేమే సాక్షులం. సాక్షి పని చప్పట్లు కొట్టుడు కాదు, యాది పెట్టుకునుడు. ఆ రోజే ప్రగతిభవన్ ముంగటి ఇనుప కంచెలు తీసిండ్రు. దానికి ఫూలే పేరు పెట్టిండ్రు. తెల్లారి ప్రజాదర్బార్ జరిగింది. మంచిదే. ఆ తర్వాతి ఏడాది మా అమ్మ భూమి కాయితం కోసం ఒక ఆఫీసు మెట్ల మీద పొద్దంత కూసున్నది. "రేపు రా" అన్నరు. స్టేడియంల ఇచ్చిన మాట ఆ మెట్ల దాకా దిగలె.

రాజకీయాల్లో సమానత్వం, బతుకులో అసమానత్వం ఎక్కువ కాలం కలిసి నడవవని 1949 నవంబర్ 25న అంబేద్కర్ రాజ్యాంగ సభల హెచ్చరించిండు. ఆ మాట ఇంకా తీరలె.

అందుకే తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ప్రమాణం రోజు పోండ్రి. డప్పు కొట్టనీకి కాదు, వాళ్లిచ్చిన మాట చెవులార ఇనొచ్చెటందుకు. ఇన్నోనికే రేపు అడిగే హక్కు. అడిగేటోడు లేకపోతే ప్రమాణం ఉత్త పాటే.