మన్ననూరు గేటు దాటే ముందు

బిడ్డా,

డిసెంబరు 10న, మానవ హక్కుల దినం నాడు, నీ తొమ్మిదో తరగతి పిల్లల్ని తోలుకొని అమ్రాబాద్ అడవికి పోతున్నావని రాశావు. మానవ హక్కుల ప్రకటనలోని 30 అధికరణాలను 30 బోర్డుల మీద రాయించి, దారి పొడుగునా నిలబెట్టి, ఒక్కో బోర్డు దగ్గర ఒక్కో ఆట ఆడిస్తానన్నావు. సంతోషం. జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో ఇట్లాంటి వీధే ఉంది. డానీ కారవాన్ అనే ఇజ్రాయెల్ శిల్పి 27 తెల్లటి స్తంభాలు, నేలలో పాతిన రెండు పలకలు, ఒక ఓక్ చెట్టు కలిపి ముప్పై లెక్క సరిపెట్టాడు. 1993లో తెరిచారు. ఆ ఊరికి ఆ వీధి అవసరమే. యూదుల పౌరసత్వాన్ని ఊడబెరికిన 1935 చట్టాలు పుట్టింది అక్కడే, యుద్ధం ముగిశాక నాజీ నాయకులను బోనెక్కించిందీ అక్కడే.

అమ్రాబాద్ సంగతి వేరు. నువ్వు బోర్డు పాతాలనుకున్న నేల మీద ఎవరి హక్కు ఎంతో ఇంకా తెగలేదు. పైగా అది పులుల అడవి, గుంత తవ్వనియ్యరు. ముప్పై వద్దు తల్లీ. నాలుగైదు అట్టముక్కలు పిల్లల చేతికియ్యి, చాలు.

మొదటిది మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర తీయించు. శ్రీశైలం రోడ్డును అక్కడ రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూస్తారు. 13వ అధికరణం మనిషికి తన దేశంలో తిరిగే హక్కు ఉందంటుంది. మరి ఈ గేటు సంగతేంది? పిల్లల్ని రెండు జట్లు చేసి కొట్లాడనియ్యి. ఒకరు పులి వకీళ్లు, ఒకరు మనిషి వకీళ్లు. గొంతులు అలిసినాక ఒక్క ప్రశ్న వెయ్యి: గేటుకు అవతల కాపురం ఉన్నోళ్లు ఏ జట్టు? అప్పటిదాకా వాళ్లు ఎవరికీ గుర్తొచ్చి ఉండరు, చూడు.

ఫర్హాబాద్ గుట్ట మీద నిజాం వేట బంగళా ఆనవాళ్లు చూపించేటప్పుడు పులుల ముచ్చటతో ఆపెయ్యకు. 1940లో హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పరిశోధకుడు ఈ పీఠభూమి మీద అడవిబిడ్డలైన చెంచుల మధ్య ఉండి, వాళ్ల మీద పుస్తకం రాశాడు. అది 1943లో అచ్చయింది. అతని సిఫారసు మీద నిజాం సర్కారు సుమారు లక్ష ఎకరాలు చెంచుల రిజర్వుగా విడిగా పెట్టింది. 1983లో ఇదంతా పులుల అభయారణ్యంలో కలిసింది. 2014లో తెలంగాణ వేరుపడ్డాక మన వైపు ముక్క అమ్రాబాద్ టైగర్ రిజర్వు అయింది, 2,600 చదరపు కిలోమీటర్ల పైమాట. అంటే చెంచు ఉన్నచోటే ఉన్నాడు, అతని చుట్టూ పేర్లు మారుతూ వచ్చాయి.

ఇప్పుడు కొన్ని పెంటలను, అంటే చెంచు గూడేలను, బయటికి తరలించే పని నడుస్తోంది. కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ. 2006 అటవీ హక్కుల చట్టం ఇక్కడ పెట్టిన షరతుల్లో రెండు గుర్తుంచుకో. గ్రామసభ అన్నీ తెలుసుకొని, తనంత తానుగా, రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. పోయేచోట చెప్పిన వసతులు పూర్తయ్యేదాకా ఎవరినీ కదిలించరాదు. బడి, దవాఖాన, రోడ్డు కావాలని పోతామనేవాళ్లున్నారు. తమ దేవుడు లింగమయ్యను, తాతల సమాధులను విడిచి ఎట్ల పోతామనేవాళ్లున్నారు. ఏది సరైందని పిల్లలు నిన్ను అడుగుతారు. జవాబు చెప్పకు. నా మాట అడిగితే మాత్రం, కాదనే వీలుంటేనే దాన్ని ఒప్పుకోలు అంటాను.

ఇక తేనె. చెంచులు కొండకొనకు తాడు వేలాడేసి దిగి తేనె పిండుతారు. పైన తాడు పట్టేది బావమరిది. తోబుట్టువు పసుపుకుంకుమలు వాడి చేతిలో ఉంటాయి కాబట్టి తాడు వదలడని లెక్క. ఈ ముచ్చట పిల్లలకు ఎప్పటికీ మరుపురాదు. అక్కడే 23వ అధికరణం, పనికి తగిన ఫలం, తీయించు. గిరిజన సహకార సంస్థ డిపోలో కిలో తేనెకు, తపసి జిగురుకు ఏం ధర ఇస్తున్నారో పిల్లలనే అడిగి రాసుకోమను. పట్నంలో సీసా మీది ధర ఇంటికి పోయినాక చూసుకుంటారు. లెక్కల సారును కూడా వెంట తీసుకుపో, ఊరికే బస్సులో నిద్రపోకుండా ఉంటాడు.

యురేనియం సంగతి ఎక్కడ చెప్పినా ఫరవాలేదు. 83 చదరపు కిలోమీటర్లలో తవ్వి చూస్తామని కేంద్రం కదిలితే, 2019లో అమ్రాబాద్, పదర మండలాల జనం రోడ్డెక్కారు. ఆ సెప్టెంబరులో శాసనసభ వద్దని తీర్మానం చేసింది. గుమిగూడే హక్కు ఎందుకని ఎవరన్నా అడిగితే ఇంతకంటే దగ్గరి సాక్ష్యం లేదు.

అన్నిటికంటే నా భయం పెంటలోకి పోయినప్పుడే. లోపలి పెంటలకు అటవీశాఖ అనుమతి కావాలి, అంతదూరం పోకు. రోడ్డు పక్కన ఉన్న ఒక్క పెంట చాలు, అదీ ముందుగాల పోయి పెద్దమనుషులను అడిగి వచ్చినాకే. మన మైదానపోళ్లకు ఒక చెడ్డ అలవాటుంది. డెబ్బై ఏండ్ల చెంచు ముసలాయన్ని ఇరవై ఏండ్ల వ్యాపారి "ఏరా" అని పిలుస్తాడు, ఎవరికీ ఎబ్బెట్టు అనిపించదు. బస్సు ఎక్కకముందే పిల్లలకు చెప్పు: తాతా, పెద్దమ్మా, అన్నా, అక్కా. ఈ వరసలు వాళ్ల నోట రాకపోతే పెంటలోకి దించకు. తిరుగు ప్రయాణం పెట్టుకో.

సినిమాల్లో చూసి ఆకులు కట్టుకున్నోళ్లు ఉంటారనుకుంటారు మనోళ్లు. జీన్స్ ప్యాంటు వేసుకొని, ఫోను చూస్తున్న పిలగాడు ఎదురైతే మొహాలు చిన్నబోతాయి. చిన్నబోనియ్యి, అది కూడా పాఠమే. ఎవరి చేతికీ విల్లు ఇచ్చి నిలబడమని అడగొద్దు. పిల్లల ఫోన్లు నీ సంచిలో ఉండాలి. ఇంటి ఏకాంతం గురించిన 12వ అధికరణాన్ని అక్కడ అట్టమీద చూపించే పనిలేదు. బిస్కెట్ ప్యాకెట్లు పంచకు. వాళ్లు అడవి సంగతులు చెబుతుంటే మధ్యలో తెలుగు తప్పులు దిద్దకు, నీకా గుణం ఉంది, మీ నాయనమ్మ నుంచి వచ్చింది.

తోవ చూపడానికి పెంట నుంచి ఇద్దరిని, వీలైతే అందులో ఒక ఆడమనిషిని, కూలి మాట్లాడి తీసుకో. ఆ రోజు సార్లు వాళ్లే, నువ్వు వెనక నడువు. కూలి పైసలు సాయంత్రం దాకా ఆపకు, పొద్దున్నే ఇచ్చెయ్యి. అటవీశాఖకు రాసే అర్జీలో "చెంచుల జీవనాన్ని పిల్లలకు చూపించుటకు" అని రాశావు, చిత్తుప్రతి చూశాను. ఆ వాక్యం కొట్టేసి, ఇద్దరు చెంచు గైడ్ల పేర్లు రాసి, వారి వెంట అడవి నడక అని పెట్టి మళ్లీ పంపు. నవంబరు దాటితే అనుమతి చేతికి అందడం కష్టం.

నీ తాత