బొమ్మ కింద పేరు

చిత్తూరులో ఒక పాత వకీలుగారి ఇంట్లో, హాలు గోడకు గుర్రం మీద కూర్చున్న దొర బొమ్మ ఒకటి ఉంది. టేకు ఫ్రేము, మచ్చలు పడిన అద్దం. మా చేని కేసు కాగితాల కోసం వెళ్ళినప్పుడల్లా బెంచీ మీద కూర్చుని దాన్నే చూసేవాణ్ణి. అది ఫోటో కాదు. లోహపు రేకు మీద సన్నని గీతలు చెక్కి, సిరా పట్టించి, కాగితం మీద అద్దిన బొమ్మ. ఫోటోలు అచ్చులోకి రాకముందు పెద్ద పెద్ద విగ్రహాలు ఇళ్ళ గోడల మీదికి చేరిన దారి అదే.

ఆ దొర సర్ థామస్ మన్రో. 1800 నుంచి 1807 దాకా రాయలసీమలో చాలా భాగానికి కలెక్టరు, తరువాత మద్రాసు గవర్నరు. 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు. తిరుమల కొండమీద మన్రో గంగాళమని ఒక పాత్రకే ఆయన పేరుంది. విగ్రహం మద్రాసులో ఉంది. విక్టోరియా రాణి గద్దెనెక్కిన రెండేళ్ళకు, 1839లో నిలబెట్టారు. చేసినవాడు లండన్ శిల్పి ఫ్రాన్సిస్ చాంట్రీ.

బొమ్మ కింద దొర పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. ఎడమవైపు చిన్నగా శిల్పి పేరు. కుడిమూల రేకు చెక్కినవాడి పేరు ఉండాలి, అలాంటి బొమ్మల్లో అది ఆనవాయితీ. కానీ ఫ్రేము కట్టినవాడు ఆ మూలను చెక్క కిందికి నెట్టేశాడు. కొన్ని నెలల పాటు వేలూ లక్షలూ గీతలు గీసిన మనిషి పేరు పావు అంగుళం చెక్క మింగేసింది.

చాంట్రీ వడ్రంగి కొడుకు. ఆ విగ్రహంలో జీనూ రికాబులూ లేవు. వాటిని మరిచిపోయి, సిగ్గుతో ప్రాణం తీసుకున్నాడని మద్రాసులో ఒక కథ. అది వట్టిమాట. లండన్‌లో నాలుగో జార్జి రాజునూ ఆయన అలాగే రికాబులు లేకుండా కూర్చోబెట్టాడు. నాకు పట్టింది ఇంకో సంగతి. ఆయన శిల్పశాలలో చాలామంది పనివాళ్ళు ఉండేవాళ్ళు. మట్టి నమూనా ఆయనది, కంచు కరిగించి పోసిన చేతులు వేరే. వాళ్ళందరి పనీ ఒక్క పేరు కిందికి వచ్చింది. మన తిరుమలలో మాత్రం? కృష్ణదేవరాయల విగ్రహానికీ ఇద్దరు దేవేరుల విగ్రహాలకూ భుజాల మీద పేర్లు చెక్కి ఉన్నాయి. చేసినవాడి పేరు లేదు.

ఇదంతా ఎందుకు తవ్వుతున్నానంటే, రెండేళ్ళ కింద తిరుపతిలో ఒక ఫోటోల ప్రదర్శనకు వెళ్ళి, గోడ మీద మా అవ్వను చూశాను. కాళ్ళు చాపుకుని గంప అల్లుతూ ఉంది. కింద ‘బుట్టలల్లే ఎరుకల మహిళ’ అని రాశారు. దాని కింద ఫోటో తీసినాయన పేరు. నాకు ఒళ్ళు మండింది. 1909లో థర్‌స్టన్ దొర దక్షిణాది కులాలూ తెగల మీద ఏడు సంపుటాలు అచ్చువేసినప్పుడు మనవాళ్ళ బొమ్మల కింద తెగ పేరే పెట్టాడు. నూరేళ్ళు దాటినా అదే వరసా? గుర్రపు దొరకు పేరుంటే మా అవ్వకు ఎందుకు ఉండకూడదు? నిర్వాహకులు మంచివాళ్ళే. తప్పయిందని ఒప్పుకుని, పేరు చెప్పండి, రేపే రాస్తామన్నారు.

ఇంటికొచ్చి అవ్వకు చెప్పాను. ఎనభై దాటిన మనిషి. సంతోషిస్తుందనుకున్నాను.

“పేరు యాలరా? మన పేరు రాసిన చోటల్లా ఎవురో ఒకరు ఎతుక్కుంటా వచ్చినారు” అనింది.

నా నోట మాట రాలేదు. 1871లో ఉత్తరాన పుట్టిన నేరస్థ తెగల చట్టం 1911లో మన మద్రాసు రాజధానికీ వచ్చింది. రిజిస్టరులో పేరు, పక్కన వేలిముద్రలు. అవ్వ వాళ్ళ నాయన పొద్దుగూకితే ఠాణాలో హాజరు పలికి వచ్చేవాడట. స్వాతంత్ర్యం వచ్చాక ఆ చట్టం పోయింది, 1952 నాటికి దేశంలో ఎక్కడా లేదు. పేరంటే మాత్రం అవ్వకు ఇంకా ఆ రిజిస్టరే గుర్తొస్తుంది. చాంట్రీ పేరు బొమ్మ కింద మర్యాదగా రాసిన రాజ్యమే మా ముత్తాత పేరును కాపలాకు రాసుకుంది.

ఇక నాకు రెండు తప్పుల మధ్య నడవాల్సి వచ్చింది. పేరు లేకపోతే అవ్వ ఒక తెగకు నమూనాగా మిగులుతుంది. ఆమె వద్దన్నాక రాయిస్తే, ఫోటో తీసేటప్పుడు ఆమెను అడగని మనిషికీ నాకూ తేడా లేదు. తరువాతి తరాలకు మన పేర్లు తెలియాలి గదా అని నా మిత్రుడు గట్టిగా వాదించాడు. ఆ మాటలో న్యాయముంది. కానీ ఆ తరాల కోసం అవ్వ మాటను తీసిపారేసే హక్కు నాకెక్కడిది? నిర్వాహకులకు ఫోను చేసి, పేరు రాయొద్దు, ‘ఎరుకల మహిళ’ అన్నదీ తీసేయమన్నాను. మరి ఏం రాయమంటారు అని అడిగారు. నాకు తట్టలేదు.

ప్రదర్శన ముగిశాక ఆ ఫోటో మాకే ఇచ్చారు. అవ్వ దాన్ని ఎండలోకి తీసుకుపోయి చాలాసేపు చూసింది, తన మొహాన్ని కాదు, గంపను.

“దీన్ని నేనల్లినానని రాసుంటే అబద్ధమయ్యుండు. ఈ అడుగు మా యక్క కట్టింది. ఈతబద్దను ఎడమకు తిప్పేది అదొక్కతే” అనింది.

పెద్దవ్వ పోయి అప్పటికి ఆరేళ్ళు.