త్రాడు తరువాతి సమ్మతి

చివర నాయిక నవ్వినంత మాత్రమున, నడుమ ఆమెకు జరిగినది మాసిపోవునా? వినోదకథల విషయమున ఈ ప్రశ్న అడుగువారిని రసికత లేనివారని పరిహసించుట వాడుక. అయినను అడుగవలసియున్నది.

1990వ సంవత్సరమున స్పెయిను దేశమునందు పెద్రో అల్మొదోవార్ అను దర్శకుడు "ఆతమే" అను చలనచిత్రమును వెలువరించెను. "నన్ను కట్టివేయుము" అని ఆ పేరునకు అర్థము. మానసిక చికిత్సాలయమునుండి విడుదలయైన రికీ అను యువకుడు, పూర్వమొక్క రాత్రి మాత్రమే తనతో గడపిన మరీనా అను నటిని మరువజాలక, ఆమె యింట జొరబడి, కొట్టి, మంచమునకు కట్టివేయును. కొన్నాళ్లు తనను చూచినచో ప్రేమింపక మానదని వాని నమ్మకము. కథకుడు ఆ నమ్మకమును నిజము చేసినాడు. ఆమె ప్రేమించును, తుదకు కట్టుమని తానే కోరును. ఇదంతయు శృంగార ప్రహసనముగా నడచును.

దానికి ఆదరము లభించుటకు కారణము లేకపోలేదు. ఫ్రాంకో నియంతృత్వము 1975లో అతని మరణముతో గాని తొలగలేదు. అంతకాలము నోరు నొక్కబడిన తరమునకు, కామమును దాపరికము లేక తెరపై చూపుటయే స్వేచ్ఛగా తోచెను. అయితే అది ఎవరి స్వేచ్ఛ?

మన స్మృతికారులు రోదించు కన్యను బలిమిని కొనిపోవుటను రాక్షసవివాహమనిరి. ఉభయుల యిచ్ఛచే జరుగు కలయికను గాంధర్వమనిరి. ఈ రెండును కలిసినను క్షత్రియునకు ధర్మ్యమే యని మనువు సెలవిచ్చినాడు. కావున రాక్షసమునకు గాంధర్వమను ముసుగు వేయు కోరిక మాడ్రిడ్ నగరమున పుట్టినది కాదు. రుక్మిణీ కల్యాణమును ఉదాహరింతురేమో! రుక్మిణి బ్రాహ్మణునిచేత సందేశము పంపిన పిమ్మట రథము వచ్చినది. మరీనా విషయమున ముందు త్రాడు, తరువాత సమ్మతి. ఈ వరుసలోనే సర్వమును ఉన్నది.

నాకు మిక్కిలి బాధ కలిగించునది ఆ తొలి దెబ్బ కాదు, తరువాతి దయ. త్రాడు ఒరసికొనుచున్నదని వాడు మెత్తని త్రాడు కొనితెచ్చును. ఆమె పంటినొప్పికి మందు తేబోయి వీధిలో దెబ్బలు తిని వచ్చును. ఆ గాయములను తుడుచుచు ఆమె మనసు కరగును. ఆ నొప్పిని పెంచినది వాని దెబ్బయే కదా! రాత్రి చేయి చేసికొని మరునాడు చీర తెచ్చు భర్తలను మన వీధులలో ఎరుగనివారెవరు? ఆ చీర కట్టికొన్న యిల్లాలి మౌనమును సుఖముగా లెక్కించు బంధువులను కూడ ఎరుగుదుము. ఇక ఆమె "ఔను" అన్నదందురా? ఆ మాటను ఆమె నోట పెట్టినవాడు కథకుడే. ముద్దాయి తెచ్చిన సాక్షిని ఏ న్యాయాధిపతి నమ్మును?

ఆనాడే కొందరు స్త్రీలు దీనిని ఆక్షేపించిరి. కాని అమెరికాలో పెద్ద కలహము వేరొకదానిపై జరిగినది. శృంగార దృశ్యములకై ఈ చిత్రమునకు "ఎక్స్" ముద్ర వేయగా, పంపిణీదారులు న్యూయార్కు న్యాయస్థానమునకెక్కి ఓడిరి. ఆ యేడే ఆ ముద్ర స్థానమున "ఎన్‌సి-17" వచ్చెను. దేహమెంత కనబడినదో కొలిచిరి గాని, త్రాడును కొలుచు కొలబద్ద ఆ ముద్రలలో లేదు.

దీనిని నిషేధింపవలెనని నా అభిప్రాయము కాదు. ఎదిగిన పిల్లలతో కూర్చుండి చూచి, చర్చింపదగినది. చివర కారులో రికీయు, మరీనా సోదరియు గొంతెత్తి పాడుచుందురు. మరీనా కన్నులలో నీరు నిండియుండును.