మతబంధం – సమూహబలం: పలనాటి చాపకూడు
మతం సమూహాలకు పోటీలో ఆధిక్యమిస్తుందా అన్న ప్రశ్నకు దుర్గి పరిసరాల్లోని మాచర్ల, కారంపూడి సీమల చరిత్ర ఒక నిదర్శనం. 12వ శతాబ్దంలో బ్రహ్మనాయుడు వీరవైష్ణవం ఆధారంగా చాపకూటిని నెలకొల్పాడని పలనాటి వీరకథాసంప్రదాయం చెబుతుంది. కులభేదం పాటించని ఆ సహపంక్తి మాల కన్నమదాసును సేనాని స్థానంలో నిలిపింది. కులం దూరంగా ఉంచిన శౌర్యాన్ని మతం సమీకరించింది; ఇది ఆధిక్యమే.

అయితే ఆ బంధం చాప అంచు దగ్గరే ఆగింది. గురజాల పక్షంతో సంధికి అది దారి చూపలేదు. రాయబారి అలరాజు హతుడయ్యాక కారంపూడి రణంలో ఇరుపక్షాల వీరులూ నేలకొరిగారు. అయినా కార్తీకమాసంలో కారంపూడిలో ఏటా జరిగే వీరుల ఉత్సవాల్లో చాపకూడు నేటికీ సాగుతోంది. కనుక మతం సమూహానికి ఐక్యతను, చిరస్మృతిని ఇవ్వగలదు. విజయాన్ని మాత్రం హామీ ఇవ్వలేదు. దాని బలాన్ని అంచనా వేయడానికి చాప మీద ఎందరు కూర్చున్నారన్నది ఎంత ముఖ్యమో, చాప అవతల ఎవరు మిగిలారన్నదీ అంతే ముఖ్యం.